సాక్షి పోగు

మా కోడలు హిమజ రాజమండ్రి నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, ముందు ఉయ్యాల తాడు చూసింది.

చంకలో ఉన్న పాపని మావాడి చేతిలో పెట్టి, స్టూలు లాక్కుని ఎక్కి, కొక్కెం దగ్గర తాడుకి తన పోగద్దం తగిలించింది. ఇన్నాళ్లు ఒంటరిగా ఉన్న అత్తగారు ఎలా ఉందో అడగాలని తోచలేదు గానీ, తాడు ఎలా ఉందో చూడాలని తోచింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి మూతి ముడుచుకున్నాను. అంతలో ఆ పిల్ల నడుం బిగుసుకోవడం వెనక నుంచే కనిపించింది.

"అత్తయ్యా, మేం లేనప్పుడు ఈ ఉయ్యాలలో ఎవరు కూర్చున్నారు?"

"ఉయ్యాలలో కూర్చోవడానికి ఇక్కడ ఎవరున్నారమ్మా? నేనూ, పాప లేదని ఊడ్చి మాత్రం వెళ్లే సన్యాసమ్మా."

"అదే అడుగుతున్నాను," అంది హిమజ, స్టూలు దిగకుండానే.

ఆ తాడు సంగతి చెప్పకపోతే మీకు నా గోడు అర్థం కాదు. హిమజ మా విశాఖపట్నంలోనే ఒక నారల పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. నార అంటే కొబ్బరి నార కాదు, నైలాను లాంటి ప్లాస్టిక్ నార. పెళ్లయిన కొత్తలో ఓసారి జుట్టు కంటే సన్నని పోగు నా రెండు చేతులకీ ఇచ్చి, దాని ముందొకటి వెనకొకటి వచ్చేలా రెండు నల్లటి పలకలున్న పోగద్దం అడ్డం పెట్టి, "లాగండి అత్తయ్యా" అంది. లాగకముందు అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. లాగేసరికి ఆ చీకట్లో బూడిదరంగు గీత మెరిసింది. ఇంకాస్త లాగితే పసుపు పచ్చగా మారింది, ఆ తర్వాత ఎరుపు, నీలం. నా చేతులు నొప్పెట్టే వేళకి లేత ఆకుపచ్చ. నాకు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది. లోపల అణువులన్నీ చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయట. లాగితే దువ్వినట్టు ఒకే దిక్కుకి తిరుగుతాయట. అలా తిరిగిన పోగు గట్టిపడుతుంది, దానిలోంచి వెలుతురు పోయే తీరూ మారిపోతుంది. "మామూలు నారని వదిలేస్తే కొంత వెనక్కి వస్తుంది, రంగు మాసిపోతుంది. ఇది రాదు. ఎంత బరువు మోసిందో ఆ రంగు దీని ఒంట్లో ఉండిపోతుంది," అంది మా కోడలు. ఆ రోజు నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఎదురింటికి వెళ్లి మరీ చెప్పొచ్చాను.

దానికి సాక్షి పోగు అని పేరు పెట్టారు. లిఫ్టు తాళ్లలో, క్రేను తాళ్లలో, కార్ల బెల్టుల్లో ఒక్కో పోగు ఉండి తీరాలని చట్టం చేశారు. కోర్టులు కూడా దాని రంగుని సాక్ష్యంగా తీసుకోవడం మొదలుపెట్టాయి. అక్కడితో ఆగితే బాగుండేది. అది బజారులో దొరకడం మొదలయ్యాక జనానికి పిచ్చి పట్టింది. మా కింది పోర్షనావిడ బట్టల తాడుకి కట్టి, పక్కింటివాళ్లు దొంగతనంగా బొంతలు ఆరేస్తున్నారని వీధిలో పంచాయితీ పెట్టింది. ఒకాయన భార్య సంచి పట్టీకి కుట్టించి, పుట్టింటికి ఏం మోసుకెళ్తోందో చూసుకున్నాడు. ఇదివరకు 'నేను కాదు' అని ఎవరైనా అంటే కాసేపు మొహం వంక చూసేవాళ్లం. ఇప్పుడు పోగద్దం కోసం వెతుకుతున్నాం.

మా ఉయ్యాల తాడులోనూ ఒకటి ఉంది. తాడు తెగే ప్రమాదం ఉంటే ముందే తెలుస్తుందని హిమజ స్వయంగా పేనించి తెచ్చింది. తల్లి భయం తల్లిది, నేను కాదనలేదు. పాప బరువుకి అది ఇన్ని నెలలూ బూడిదరంగు దాటలేదు. ఇప్పుడు ఆకుపచ్చగా ఉంది.

ఇంక నా సంగతి. ఖాళీ ఉయ్యాల ఊగకూడదు, ఖాళీగా ఉంచకూడదు. మా అమ్మ ఉంచలేదు, మా అత్తగారు ఉంచలేదు. బారసాల రోజున పాపకంటే ముందు ఉయ్యాలలో సన్నికల్లు పొత్రాన్ని పడుకోబెడతాం కదా, ఆ తర్వాత కూడా పాప ఉయ్యాలలో లేనప్పుడల్లా మా ఇళ్లలో ఆ పొత్రాన్నే గుడ్డలో చుట్టి వేసేవాళ్లు. పచ్చడి నూరుకునే రాయి, గుండ్రంగా, నున్నగా, బరువులో పాపకంటే ఓ పిసరు తక్కువే ఉంటుంది. బారసాలకి ఒప్పుకున్న హిమజ ఆ మర్నాడే, "ఇంకెప్పుడూ రాయి పెట్టకండి అత్తయ్యా, ఎవరైనా చూసుకోకుండా దాని మీద పాపని వేస్తే తల పగులుతుంది" అంది. సరేనన్నాను. ఆవిడ ఆఫీసుకి వెళ్లగానే పెట్టేదాన్ని, వచ్చే వేళకి తీసి బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. నా మనవరాలి క్షేమం నాకు ముఖ్యం, కోడలి మాట గౌరవమూ ముఖ్యమే. రెండూ కుదిరాయి కదా అనుకున్నాను.

హిమజ చెల్లెలి పెళ్లికి వాళ్లంతా వెళ్లినప్పుడు మోకాళ్ల నొప్పులతో నేను ఇంట్లోనే ఉండిపోయాను. అడిగేవాళ్లు లేరు కనుక పొత్రం పగలూ రాత్రీ ఉయ్యాలలోనే ఉంది. వాళ్లు వచ్చే రోజు పొద్దున్న తీశాను. ఆ మాట హిమజకి చెప్పలేదు. చెప్పడానికి సంబంధం కూడా కనపడలేదు. పాపంత లేని రాయి పాప చెయ్యలేని పని ఎలా చేస్తుంది? కానీ 'ఏమైనా పెట్టారా' అని అడుగుతుందేమోనని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

కనుక నా అనుమానం సన్యాసమ్మ మీదికి పోయింది.

సన్యాసమ్మ పాపని చూసుకోవడానికి మా ఇంట్లో కుదిరి ఆరు నెలలైంది. పెదజాలారిపేట వైపు నుంచి వస్తుంది. దిట్టమైన మనిషి, మాట తక్కువ. పాపకి ఆవిడ భుజం దొరికితే చాలు, లోకం అక్కర్లేదు. మంచి మనిషే అనుకున్నాను. కానీ అనుమానం వచ్చాక మనిషిలో మంచి కనిపించదు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్నప్పుడు హాల్లో ఏం చేస్తోంది? హిమజ ఆఫీసు సంగతులు మావాడితో మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతుంది? ఇంటి సంగతి అడిగితే ఎందుకు మాట మారుస్తుంది? కళ్లు మూసుకుని గురక పెడుతున్నట్టు నటించి మరీ చూశాను. ఆవిడ ఉయ్యాల జోలికి పోలేదు. పాప కాళ్లకి నూనె రాస్తూ ఏదో పాడుకుంది. చూస్తున్నానని పసిగట్టింది కాబోలు అనుకున్నాను.

ఆ వారం పాపకి టీకా వేయించడానికి వెళ్లినప్పుడు హిమజ నన్ను తన ల్యాబుకి తీసుకెళ్లింది. ప్రేమతో అనుకుని పొంగిపోయాను. అక్కడ రెండు ఇనప దవడల మధ్య కొత్త పోగు బిగించి మీట నొక్కింది. పై దవడ పైకి లేచింది, పక్కన తెర మీద రంగులు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. నేను ముక్కు మీద కళ్లజోడు సర్దుకునే లోపు ఆకుపచ్చ వచ్చేసింది, యంత్రం ఆగిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే అత్తయ్యా. యంత్రం ఒకటే, మనుషులం ఎక్కువ. ఒకరి పని కాగానే ఇంకొకరు. ఇలాగే వేల పోగులు లాగి చూశాం. ఒక్కటీ తప్పు చెప్పలేదు." తెర మీది అంకె చూపించింది. "ఉయ్యాల పోగు రంగు రావాలంటే ఇంత బరువు పడాలి. అంటే పెద్ద మనిషి."

అని నన్ను కింద నుంచి పైకి ఒక చూపు చూసింది. అప్పుడు తెలిసింది నన్నెందుకు తీసుకొచ్చిందో. దొంగకి తాళం బద్దలైన తీరు చూపించి, మొహంలో రంగు మారుతుందేమో చూసే పోలీసులా ఉంది వ్యవహారం.

ఇంటికొచ్చాక బాత్రూం పక్కనున్న బరువు చూసే యంత్రం హాల్లోకి తెచ్చింది. "ఏమీ అనుకోకండి," అంటూనే నన్నెక్కమంది. ముప్పై ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఎవరి చేతా మాట పడకుండా పనిచేశాను. నా కొడుకు ఇంట్లో, నా మనవరాలి ఎదురుగా, బియ్యం బస్తాలా తూకం ఎక్కాను. తలకాయ తీసేసినట్టయింది. మావాడు భార్గవ ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఫోను చూసుకోవడంలో వాడు మహా నేర్పరి.

నా బరువు కలవలేదు, నేను పీల మనిషిని. సన్యాసమ్మ ఎక్కింది. హిమజ అంకె చూసి పెదవి కొరుక్కుంది. దాదాపు కలిసింది.

"ఒక్కసారి సరదాకి కూర్చున్నానని చెప్పు, ఏమీ అనను," అంది హిమజ.

"నేను కూకోనేదమ్మా. పిల్ల ఉయ్యాల్లో నేనెందుకు కూకుంటాను?"

"పోగు చెబుతోంది కదా."

సన్యాసమ్మ చివ్వున తలెత్తింది. ఏదో అనబోయింది. మళ్లీ మింగేసి పాప గుడ్డలు ఉతకడానికి వెళ్లిపోయింది. తప్పు చేసింది కనుకే నోరు లేవలేదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను కాదని తేలినందుకు లోపల్లోపల సంతోషించాను కూడా.

అదే రోజుల్లో హిమజ ఒక కేసులో సాక్ష్యం చెప్పాల్సి ఉంది. సముద్రం ఒడ్డున ఒక ప్రైవేటు సరుకు యార్డులో క్రేను తాడు తెగి, ఇనప రేకుల కట్ట కింద ఒక కుర్రాడు చనిపోయాడు. ఆ కట్ట కట్టించినవాడు పోలయ్య అనే కళాసీ మేస్త్రీ. క్రేనుకి బరువులు కట్టి దింపించే పని కళాసీలది. తెగిన తాడులో సాక్షి పోగు ఆకుపచ్చగా ఉంది. అంటే మోయాల్సిన దానికి మూడింతలు కట్టాడన్నమాట. పోలయ్య జైల్లో ఉన్నాడు. పోగు గురించి దాన్ని కనిపెట్టిన మనిషే వచ్చి ఒక్క మాట చెబితే శిక్ష ఖాయమని సర్కారు వకీలు అన్నాడట. చనిపోయిన కుర్రాడి తల్లి ఏడుపు టీవీలో చూసినప్పుడు పోలయ్యని తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

సాక్ష్యానికి ముందు తాడు ముక్క చూసి రావడానికి హిమజ కోర్టుకి వెళ్లింది. ఆ రోజు సన్యాసమ్మ ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టింది. సాయంత్రం హిమజ ఇంటికొచ్చినప్పుడు మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపని లాక్కున్నట్టు నా ఒళ్లోంచి తీసుకుని గుండెకి అదుముకుంది.

"అత్తయ్యా, సన్యాసమ్మ ఎవరో తెలుసా? కోర్టు వరండాలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని, పోలయ్యకి అన్నం పెడుతోంది. భార్యట."

 హిమజ ఎవరి మీద సాక్ష్యం చెప్పబోతోందో, వాడి పెళ్లాం చేతిలో మా పసిగుడ్డు ఆరు నెలలుగా ఉంది. ఆ చేతులతోనే స్నానం, ఆ చేతులతోనే అన్నం. ఉయ్యాల తాడు మీద ఎవరో కావాలని వేలాడారన్న ఆలోచన ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది. ఇద్దరం పైకి కొక్కెం వంక చూశాం.

మర్నాడు పొద్దున్న సన్యాసమ్మ ఎప్పటిలాగే వచ్చింది. పాప చేతులు చాచింది. హిమజ పాపని ఇవ్వలేదు.

"నువ్వు పోలయ్య భార్యవని ఎందుకు చెప్పలేదు?"

సన్యాసమ్మ గోడకి ఆనుకుంది. "సెప్తే పన్లో ఎట్టుకుంటారా అమ్మా?"

"అసలెందుకు చేరావు?"

"మా ఇంటాయన ఎక్కువ బరువు కట్టనేదని మీ కాళ్లట్టుకుని సెప్దావనొచ్చినాను. ఈయేల సెప్దాం, రేపు సెప్దాం అనుకున్నాను. మీ మొకం సూస్తే బయమేసీది. పిల్లనెత్తుకుని ఊరుకునీదాన్ని."

"ఊరుకున్నావా? నా బిడ్డ ఉయ్యాల తాడు ఎందుకలా సాగింది మరి? తెగి కింద పడాలనా?"

ఆ మాటకి సన్యాసమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం పాప మీదే ఉన్నాయి. మళ్లీ నోరు విప్పినప్పుడు గొంతులో భయం లేదు.

"అమ్మగోరూ, మీ పోగు ఆడ మా ఇంటాయన్ని అబద్ధాలకోరన్నాది. ఆయన నేదన్నాడు, ఎవలూ ఇననేదు. నేను కూడా రేత్తిరిళ్లు అనుకునీదాన్ని, ఏమో, నిజంగా కట్టేసినాడేమో, నాకాడ దాస్తన్నాడేమో అని. కట్టుకున్నదాన్ని, నేనే అనుమానించినాను. ఇప్పుడు అదే పోగు నన్నూ అలాగే అంటంది. నేను కూకోనేదని నాకు తెలుసు గదా? మరి నా కాడ అబద్దవాడింది, ఆయన కాడ నిజవాడినాదని ఎలాగ నమ్మమంటారు?"

హిమజ పాపని రెండో భుజం మీదికి మార్చుకుంది. "వెళ్లిపో" అని మాత్రం అంది. సన్యాసమ్మ చెంగుతో మొహం తుడుచుకుని చెప్పులు వేసుకుంది. పాప గుక్కపెట్టింది. ఆవిడ మెట్లు దిగి పోయేదాకా ఆ ఏడుపు ఆగలేదు.

నేను ఆ ఏడుపు మధ్యలో నిలబడి ఉన్నాను. ఆవిడ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. అంతవరకూ ఆవిడే కూర్చుందని నేను నమ్మాను. కానీ అలా అడిగిన మనిషి అబద్ధం ఆడుతోందని ఎంత ప్రయత్నించినా అనుకోలేకపోయాను. ఆవిడ కూర్చోలేదు. నేను కూర్చోలేదు. ఉయ్యాలలో ఉన్నది ఇంకొకటే. చెబితే హిమజ దగ్గర నా పరువు పోతుంది, రేపటి నుంచి పాపని నా చేతికి ఇస్తుందో ఇవ్వదో కూడా తెలియదు. చెప్పకపోతే ఏమీ కాదు, సన్యాసమ్మ పోయినట్టే పోతుంది. చాలా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బా జరిపి, పొత్రం తెచ్చి హాల్లో నేల మీద ధడేలుమని పెట్టాను.

"ఉయ్యాలలో ఎవరూ కూర్చోలేదు. ఇది పడుకుంది."

హిమజ దాని వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "పెట్టొద్దన్నాను కదా అత్తయ్యా."

"అన్నావు. పెట్టాను. ఆ సంగతి తర్వాత పోట్లాడుకుందాం."

"అయినా ఇది పాపంత కూడా లేదు. దీనికి బూడిదరంగు రావాలి, అంతే. ఆవిడ మీద జాలితో మీ మీద వేసుకోకండి."

"నాకు జాలీ లేదు, ఏమీ లేదు. మీరు బండెక్కిన రోజు పెట్టాను. మీరు దిగిన రోజు తీశాను. మధ్యలో కదపలేదు."

హిమజ ఉయ్యాల దగ్గరికి వచ్చింది. పాపని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తాడు తాకి చూసింది. మా హాలు పడమటి వైపు, మే నెల ఎండ సరిగ్గా ఆ కొక్కెం మీద పడుతుంది.

"కిటికీలు తీసి ఉంచారా?"

"ఎక్కడమ్మా, ఉప్పు గాలికి అన్నీ మూసేశాను. ఇల్లు పెనంలా ఉండేది."

హిమజ నెమ్మదిగా పొత్రం పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. 

"మేం లాగి చూశాం అత్తయ్యా. వేలసార్లు లాగి చూశాం. ఒక్కసారి కూడా వేలాడదీసి వదిలేసి చూడలేదు."

పొత్రాన్ని తన చీరలోనే చుట్టి ల్యాబుకి తీసుకెళ్లింది. అద్దం తలుపున్న వెచ్చటి బీరువాలో కొత్త పోగులు పేనిన తాడు కట్టి, దానికి నా పచ్చడి రాయిని వేలాడదీసింది. కోట్లు ఖరీదు చేసే యంత్రాల మధ్య గుడ్డ చుట్టుకుని అది వేలాడుతుంటే చూసినవాళ్లంతా నవ్వారట. మొదటి రోజు బూడిదరంగే. రెండో రోజూ అదే. హిమజ ఇంటికొచ్చి అన్నం కెలికి లేచిపోయేది. ఏ రంగు రావాలని కోరుకుంటోందో నాకు తెలియలేదు. ఆకుపచ్చ రాకపోతే తన పోగు నిలబడుతుంది, పోలయ్య మునుగుతాడు. వస్తే తన పన్నెండేళ్ల చదువూ, పేరూ ఆ రాయితో పాటు కింద పడతాయి.

ఆ తర్వాత పసుపు వచ్చింది. ఎరుపు వచ్చింది. సాక్ష్యానికి రెండు రోజుల ముందు నన్ను రమ్మని ఫోను చేసింది. వెళ్లేసరికి బీరువా ముందు కుర్చీలో కూర్చుని ఉంది. పోగద్దం నా చేతికిచ్చింది. లేత ఆకుపచ్చ. పెళ్లయిన కొత్తలో నా చేతుల మధ్య మెరిసిన రంగే. ఈసారి నాకు చప్పట్లు కొట్టాలనిపించలేదు.

"కొంచెం బరువే, చాలాకాలం వేలాడితే చాలు," అంది. "లోపల ఒక్కొక్కటీ జారుకుంటూ, సాగుతూ, చివరికి అదే రంగుకి చేరుతోంది. ఒక్కసారిగా పెద్ద బరువు పడిందో, చిన్న బరువు రోజులకొద్దీ ఉందో పోగు చెప్పలేదు. ఎండ ఉంటే మరీ తొందరగా. పాపని మధ్యమధ్య ఎత్తుకుంటాం, కిటికీలు తీసి ఉంటాయి, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు." పోగద్దం తిరిగి తీసుకుని, "పోలయ్య విచారణలో అన్నాడు అత్తయ్యా. క్రేను పాడైందని పండగ సెలవులన్నాళ్లూ యార్డువాళ్లు రేకుల కట్టని గాల్లోనే వదిలేయమన్నారు, దింపనివ్వలేదు అన్నాడు. నన్ను సలహాకి పిలిస్తే నేనూ అక్కడే ఉన్నాను. అది బరువు సంగతి కాదు, అనవసరం అన్నాను. నేనే అన్నాను," అంది.

నేను ఆవిడ తల నా పొట్టకి ఆనించుకున్నాను. అత్తాకోడళ్లమయ్యాక అలా చెయ్యడం అదే మొదలు. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వాళ్ల డైరెక్టరు గారు వచ్చింది అప్పుడే. మంచిగానే మాట్లాడారు. "ఇది ఇప్పుడే ఎందుకమ్మా? ఇంకో ఏడాది పరీక్షలు చేద్దాం, నెమ్మదిగా సవరణ ప్రకటిద్దాం. ఈ పోగు మీద ఎంతమందికి శిక్షలు పడ్డాయో తెలుసా? అవన్నీ తిరగదోడతారు. సంస్థ మూతపడుతుంది."

"ఎంతమందికి పడ్డాయో తెలియకే నిద్ర పట్టడం లేదు సార్," అంది హిమజ.

కోర్టుకి నేనూ వెళ్లాను. సన్యాసమ్మ వెనక బల్ల మీద ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. బోనులో పోలయ్య ఎవరి వంకా చూడటం లేదు. బక్కచిక్కి, తన చేతులు తనవి కానట్టు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు. సర్కారు వకీలు ఉత్సాహంగా లేచి, పోగు రంగు ఆకుపచ్చేనా అని అడిగాడు. అవునంది హిమజ. అయితే మూడింతల బరువు కట్టినట్టే కదా అన్నాడు.

"చెప్పలేను," అంది.

హాలంతా గుసగుసలు. వకీలు తాను సరిగా వినలేదేమో అన్నట్టు మళ్లీ అడిగాడు. హిమజ సంచిలోంచి రెండు పోగులూ, పోగద్దమూ తీసి జడ్జిగారికి ఇప్పించింది. "వీటిలో ఒకదాన్ని యంత్రంతో ఒక మనిషి బరువుకి లాగాను. రెండోదానికి మా ఇంట్లో పచ్చడి నూరుకునే రాయి కట్టి వదిలేశాను. ఏది ఏదో చెప్పండి సార్."

జడ్జిగారు కళ్లజోడు తీసి, పెట్టి, వెలుతురు వైపు తిరిగి చాలాసేపు చూశారు. "రెండూ ఒకలాగే ఉన్నాయి. మీరు చెప్పండి," అన్నారు.

"నేనూ చెప్పలేను. దీన్ని తయారుచేసింది నేనే."

వెనక బల్ల మీద నుంచి చిన్న శబ్దం వచ్చింది. సన్యాసమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఆవిడ చూస్తున్నది హిమజని కాదు, మొగుణ్ని. ఆయన మాత్రం తల తిప్పలేదు.

రేకుల కట్టని గాల్లో వదిలేయమన్న యార్డు మేనేజరు సంగతి అప్పుడు గానీ బయటికి రాలేదు. పోలయ్యని వదిలేశారు. సాక్షి పోగుని చట్టం లోంచి తీసేశారు, పాత కేసులు ఒక్కొక్కటే తిరగదోడుతున్నారు. హిమజని పరిశోధన నుంచి తప్పించి ఏదో మూల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఆవిడ ఎవరూ అడగకపోయినా పోగులకి చిన్న చిన్న బరువులు కట్టి వేలాడదీసి, చూస్తూ కూర్చుంటోంది. ఉయ్యాలకి మామూలు నూలు తాడు తెచ్చి కట్టింది. పొత్రం విషయంలో మేం ఒక ఒప్పందానికి వచ్చాం. దానికి ఎర్రగుడ్డ చుట్టాలి, కనపడేలా ఉంచాలి, దాచకూడదు.

వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సన్యాసమ్మ వచ్చింది. హిమజ రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి అడిగితే వచ్చింది. వెనక పోలయ్య ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం బయట గొడుగు మడిచి పట్టుకుని నిలబడ్డాడు. పాప కాస్త ఎదిగింది కదా, మరిచిపోయిందేమో అనుకున్నాను. ఆవిడని చూడగానే కేరింతలు కొట్టి మీదికి దూకింది. సన్యాసమ్మ పాప మెడలో మొహం దాచుకుని అలాగే ఉండిపోయింది.

"మళ్లీ రా సన్యాసమ్మా. నీ మీద ఇంకెప్పుడూ అనుమానపడను," అంది హిమజ.

సన్యాసమ్మ తలెత్తి కొక్కెం వంక చూసింది. "పోగు తీసేసినారా అమ్మా?"

"తీసేశాను. ఇది ఉత్త నూలు తాడు."

సన్యాసమ్మ పాపని నా చేతికిచ్చింది. స్టూలు లాక్కుని ఎక్కింది. తాడుని పై నుంచి కిందదాకా వేళ్లతో తడిమింది. అక్కడక్కడ పురి విప్పి, లోపల ఏమైనా మెరుస్తోందా అని వెలుతురుకి పట్టి చూసింది. హిమజ పక్కనే నిలబడి చూస్తూ ఉంది. పోలయ్య గుమ్మం బయట నుంచి చూస్తున్నాడు. ఆపడానికి మాకు మొహం లేదు.

స్టూలు దిగి పాపని మళ్లీ తీసుకుంది. కాసేపటికి పాప కళ్లు వాలాయి. ఉయ్యాల పక్కనే ఉంది, ఖాళీగానే ఉంది. సన్యాసమ్మ దానికి ఎడంగా జరిగి, నేల మీద కూర్చుని, పాపని ఒళ్లోనే పడుకోబెట్టుకుంది.